ఒక్క 'ఈ' ఎక్కువైనందుకు

ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు, సంస్థ బయటపెట్టవద్దని కోరారు. విషయం క్లుప్తంగా ఇదీ.

ఆమెకు 32 ఏళ్లు. ఒక పెద్ద సంస్థలో ఉద్యోగుల కోసం నెలనెలా వచ్చే ఇంగ్లిష్ పత్రికకు ఆరేళ్లుగా ఆమే ఎడిటర్. నిశ్చితార్థాలు, పెళ్లిళ్లు, రిటైర్మెంట్లు, కొత్తగా చేరినవారి పరిచయాలు అన్నీ ఆమె చేతి మీదుగానే వెళ్తాయి. రెండు నెలల క్రితం తోటి ఉద్యోగిని ఒకరికి నిశ్చితార్థం అయింది. ఫొటో కింద క్యాప్షన్‌లో, కాబోయే భర్త పేరు ముందు 'ఫియాన్సే' అని రాశారు. నిశ్చితార్థం అయినవారిని చెప్పే ఈ మాట ఫ్రెంచ్ నుంచి ఇంగ్లిష్‌లోకి వచ్చింది. మాట సరైనదే. కానీ స్పెల్లింగ్ చివర ఒక్క 'ఈ' (e) ఉండాల్సిన చోట రెండు పడ్డాయి. ఒక 'ఈ' ఉంటే మగవాడు, రెండు ఉంటే ఆడమనిషి అని లెక్క. ఒక పై అధికారి ఆ పేజీని ఫొటో తీసి, ఎర్ర సున్నా చుట్టి, అందరికీ మెయిల్ పెట్టారు. 'మన ఎడిటర్‌కి ఆడా మగా తేడా తెలియదా?' అన్నది అందులో ఉన్న ఒకే ఒక్క వాక్యం. దానికి నవ్వు బొమ్మలతో జవాబులు వచ్చాయి. పెళ్లికొడుకుని స్నేహితులు వారం రోజులు ఆటపట్టించారట. అప్పటి నుంచి ఒక్క లైను రాయాలన్నా చేతులు వణుకుతున్నాయని, పత్రిక ప్రింటుకు వెళ్లే ముందు రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదని రాశారు.

దాని మీద ఇంకా చిక్కులు వచ్చి పడ్డాయి. ఇలాంటి మాటలకు ఒక పేజీ నియమాలు రాసి ఈ నెలాఖరుకు ఇమ్మన్నారు. ఇద్దరు సీనియర్లలో ఒకరు 'ఫ్రెంచ్‌లో ఎలా ఉంటే అలాగే రాయాలి' అంటున్నారు. ఇంకొకరు 'మనం రాసేది ఇంగ్లిష్, ఆ రెండో ఈ తీసిపారేయండి' అంటున్నారు. వచ్చే సంచికలో నిశ్చితార్థం వార్త ఉన్న ఒక ఉద్యోగి, తన భాగస్వామి గురించి ఆడ, మగ తెలిసేలా ఏ మాటా వాడవద్దని ముందే కోరారు. చివరగా, ఆమెకు పని నేర్పిన పెద్దాయన రిటైర్ అవుతూ తన వీడ్కోలు వ్యాసంలో ఆమెను 'నా ప్రొటెజే', అంటే తన చేతి కింద ఎదిగిన మనిషి, అని రాశారు. ఒక్క 'ఈ'తోనే రాశారు. ప్రూఫ్ చూడాల్సింది ఆమే. "రెండో 'ఈ' చేర్చబోతే చెయ్యి ఆగిపోయింది. ఆ అక్షరం పడగానే ఆయన దగ్గర పని నేర్చుకున్న మనిషిని కాకుండా, పని నేర్చుకున్న ఆడమనిషిని అయిపోతానేమో అనిపించింది. చేర్చకపోతే మళ్లీ ఎర్ర సున్నా. ఏం చెయ్యను?" అని అడిగారు.

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరు వీటన్నిటినీ ఒకే ముడిగా వేసుకున్నారు. నిజానికి ఇందులో మూడు వేర్వేరు సంగతులున్నాయి. జరిగిన అవమానం ఒకటి. ఆఫీసుకి రాయాల్సిన నియమం ఇంకోటి. మీ గురించి మీరు ఏమనిపించుకోవాలన్నది మూడోది. మొదటిది మనసులో మంట పెడుతుండగా రెండోది రాయడానికి కూర్చున్నారు కాబట్టే చెయ్యి కదలడం లేదు.

ముందు ఆ తప్పు సంగతి. ఆ అధికారి స్పెల్లింగ్ విషయంలో చెప్పింది కరెక్టే. చెప్పిన తీరు మాత్రం తప్పు. మీకు ఆడా మగా తేడా తెలియక ఆ తప్పు జరగలేదు. ఇంగ్లిష్ బాగా చదివిన కన్నే అక్కడ మోసపోతుంది. ఎందుకో చెబుతాను.

ట్రస్టీ, నామినీ, లెస్సీ, ఎంప్లాయీ. ఈ మాటలన్నిటి చివరా రెండు 'ఈ'లే. ట్రస్టీ మగవాడైనా, ఆడమనిషైనా స్పెల్లింగ్ మారదు. 1066లో ఫ్రెంచ్ మాట్లాడే నార్మన్లు ఇంగ్లండ్‌ని గెలిచాక అక్కడి కోర్టుల్లో చాలాకాలం ఫ్రెంచే నడిచింది. ఏదైనా పొందినవాణ్ని చెప్పడానికి ఆ ఫ్రెంచ్ మాటల చివర 'ఏ' అని పలికే ఒక 'ఈ' అక్షరం ఉండేది. అది ఇంగ్లిష్ నోట్లో పడి రెండు 'ఈ'లు అయింది. అలా ఇంగ్లిష్‌లో రెండు 'ఈ'లంటే 'ఫలానా పని ఎవరికి జరిగిందో ఆ మనిషి' అన్న అర్థం స్థిరపడింది. ఆడ, మగ ప్రసక్తే లేదు. 1685లో ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ, ప్రొటెస్టెంట్లకు మత స్వేచ్ఛ ఇచ్చిన నాంత్ శాసనాన్ని రద్దు చేస్తే ప్రొటెస్టెంట్లు వేలాదిగా దేశం విడిచారు. వాళ్లతో పాటు ఇంగ్లిష్‌లోకి వచ్చిన మాటే రెఫ్యూజీ. ఫ్రెంచ్‌లో ఆ మాటకు మగవాళ్లకు ఒక రూపం, ఆడవాళ్లకు ఒక రూపం ఉన్నాయి. ఇంగ్లిష్ ఆ తేడాను గుమ్మం దగ్గరే వదిలేసి, అందరికీ రెండు 'ఈ'లు ఇచ్చేసింది.

ఫియాన్సే మాత్రం ఆలస్యంగా, 19వ శతాబ్దంలో వచ్చింది. అప్పటికి ఫ్రెంచ్ మాటలను ఫ్రెంచ్ వేషంలోనే ఉంచడం చదువుకున్నవాళ్లకు గౌరవంగా అనిపించేది. అందుకని 'ఈ' మీద ఫ్రెంచ్‌వాళ్లు పెట్టే ఏటవాలు గీత ఉండిపోయింది, ఆడవాళ్ల కోసం అదనపు 'ఈ' కూడా ఉండిపోయింది. అంటే రెఫ్యూజీలో ఏమీ చెప్పని రెండు 'ఈ'లే ఫియాన్సేలో 'ఆడమనిషి' అని చెబుతున్నాయి. ఒకే భాష, ఒకే అక్షరాలు, రెండు రకాల లెక్క. పైగా చెవికి ఏ తేడా వినబడదు. ఫ్రెంచ్‌లో కూడా ఒక 'ఈ' అయినా, రెండు 'ఈ'లైనా ఫియాన్సే పలికేది ఒకేలా. చెవి సాయం చెయ్యని చోట కన్ను తడబడుతుంది.

మీకు ధైర్యం చెప్పడానికి ఇంకో మాట. 'చివర గీత ఉన్న ఈ, దాని పక్కన ఇంకో ఈ ఉంటే స్త్రీలింగం' అన్నది ఫ్రెంచ్‌లోనూ అన్నిచోట్లా చెల్లదు. మ్యూజియంని వాళ్లు మ్యూజే అంటారు, హైస్కూల్ని లీసే అంటారు. రెండిటి చివరా అచ్చం ఆ రెండు 'ఈ'లే. రెండూ పుంలింగాలే. మీరు ఒక్క అక్షరం దగ్గర తడబడ్డారని మీ ఆరేళ్ల పని కొట్టుకుపోదు.

ఆ మెయిల్ విషయంలో మీకు మూడు దారులున్నాయి. వదిలేయవచ్చు. రెండు నెలలయింది కాబట్టి మిగతావాళ్లు ఇప్పటికే మరిచిపోయి ఉంటారు, కానీ మీరు మరిచిపోలేదు, మౌనంగా ఉంటే ఆ వాక్యం మీ లోపలే తిరుగుతుంది. అందరికీ జవాబు మెయిల్ పెట్టవచ్చు. పెడితే చల్లారిన విషయం మళ్లీ రాజుకుంటుంది, ఈసారి దానికి కారణం మీరే అంటారు. లేదా ఆయన గదికి వెళ్లి, 'తప్పు పట్టుకున్నందుకు థాంక్స్ సార్, ఇకపై నాకు ఒక్కదానికే చెబితే ఆ గంటలోనే దిద్దుతాను, అందరి ముందూ అనడం నాకు బాధ కలిగించింది' అని రెండు నిమిషాలు మాట్లాడవచ్చు. ఆయన ఒప్పుకోకపోయే అవకాశమూ ఉంది. అయినా మాట మీ నోటి నుంచి బయటికి వస్తుంది. నేనైతే మూడోదే ఎంచుకుంటాను, కానీ ఆయన స్వభావం మీకు తెలుసు, నాకు తెలియదు. ఆ పెళ్లికొడుక్కి మాత్రం ఇవాళే ఒక్క లైను క్షమాపణ రాయండి. ఆటపట్టింపులు పడింది ఆయన. వచ్చే సంచికలో సవరణ వేయమంటారా, వద్దా అని కూడా ఆయన్నే అడగండి. కొందరికి సవరణ వేస్తే మళ్లీ గుర్తు చేసినట్టవుతుంది.

ఇక నియమాల పేజీ. మీ ఇద్దరు సీనియర్లూ చెప్పేదాంట్లో నిజముంది, కానీ ఇద్దరూ సగం సగమే చెబుతున్నారు.

'ఫ్రెంచ్‌లో ఎలా ఉంటే అలా' అనేవారిని ఒక మాట అడగండి. ఇంగ్లిష్ ఎప్పుడైనా పూర్తిగా అలా చేసిందా? అమాయకుడు అనడానికి వాడే నయీవ్ అన్న మాట చూడండి. ఫ్రెంచ్‌లో మగవాడు 'నయీఫ్', ఆడమనిషి 'నయీవ్'. ఇంగ్లిష్ ఆడ రూపాన్నే తెచ్చుకుని అందరికీ వాడేస్తోంది. మనసులో మాట చెప్పుకునే ఆప్తుణ్ని కాన్ఫిడాంట్ అంటాం కదా. ఫ్రెంచ్‌లో ఆ మాట మధ్యలో 'ఈ' అక్షరం ఉంటుంది. దాన్ని 'ఏ'గా మార్చింది ఇంగ్లిషే. మార్చాక ఆడవాళ్ల కోసం చివర ఒక 'ఈ' తగిలించింది. ఆ జంటను ఫ్రెంచ్ డిక్షనరీలో వెతికితే దొరకదు. నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఉదాహరణ ప్లెయింటిఫ్, ప్లెయింటివ్. పాత ఫ్రెంచ్‌లో ఇవి ఒకే మాటకు మగ, ఆడ రూపాలు. ఇంగ్లిష్‌కి వచ్చాక మగ రూపం కోర్టుకెక్కి 'ఫిర్యాదీ' అయింది, ఆడ రూపం ఇంటి దగ్గరే ఉండి 'దీనమైన' అయింది. లింగభేదం పోయి అర్థభేదం మిగిలింది. అరువు తెచ్చుకున్న మాటను ఇంగ్లిష్ తన అవసరాన్ని బట్టి వాడుకుందే తప్ప, ఇచ్చినవాళ్ల వ్యాకరణాన్ని యథాతథంగా ఎప్పుడూ మోయలేదు.

మనకిది కొత్త కాదు. రచయిత అన్న మాటతో పాటు సంస్కృతం నుంచి రచయిత్రి కూడా వచ్చింది. కవికి కవయిత్రి వచ్చింది. డాక్టర్‌కి, టీచర్‌కి అలాంటి తోక రాలేదు, మనమూ పెట్టలేదు. తనను రచయిత్రి అనమనే ఆవిడా ఉన్నారు, రచయిత అంటే చాలనే ఆవిడా ఉన్నారు. ఇద్దరికీ వాళ్ల కారణాలున్నాయి.

'రెండో ఈ తీసిపారేయండి' అనే సీనియర్‌ని కూడా ఒక మాట అడగండి. తీసేస్తే మిగిలేది ఏ రూపం? ఫియాన్సే, ప్రొటెజే విషయంలో ఒక 'ఈ' ఉన్న మగ రూపం మిగులుతుంది. విడాకులు తీసుకున్నవారిని చెప్పే డివోర్సీ దగ్గర సంగతి తిరగబడింది. అక్కడ చాలామంది ఇంగ్లిష్‌వాళ్లు ఇప్పటికే ఇద్దరికీ రెండు 'ఈ'లే రాస్తున్నారు, రెఫ్యూజీ లాగా. అందరికీ ఒకే రూపం అనడం తేలిక. ఏ రూపం అన్నది ఒక్కో మాటకు విడిగా తేల్చుకోవాలి. ఏ రూపం ఎంచుకున్నా అది తప్పనుకుని దిద్దేవాళ్లు ఉంటూనే ఉంటారు. ఈ దారి ఎంచుకుంటే నియమాల పేజీలో మొదటి లైనులోనే 'ఇది పొరపాటు కాదు, మేం తీసుకున్న నిర్ణయం' అని రాసి పెట్టండి. లేకపోతే ప్రతి సంచికకూ మీరే జవాబు చెప్పుకోవాలి.

మొదటి దారి, అంటే రెండు రూపాలూ పాటించడం, ఎంచుకుంటే అక్కడా కష్టం లేకపోలేదు. డిక్షనరీలు మీ వైపు ఉంటాయి, తెలిసిన పాఠకులు సంతోషిస్తారు. కానీ ప్రతి వార్తకూ ఆ మనిషి ఆడో మగో మీకు తెలిసి ఉండాలి. పేరు చూసి ఊహించడం మొదలుపెట్టిన రోజున మళ్లీ తప్పు జరుగుతుంది. అమెరికా వలస శాఖవాళ్లు కాబోయే జీవిత భాగస్వామి కోసం పెట్టే ఐ-129ఎఫ్ ఫారం పేరులో ఫియాన్సే అని రాసి, ఆ చివరి 'ఈ'ని బ్రాకెట్లో పెట్టారు. ఫారానికి అది సరిపోతుంది. పెళ్లి కబురు మధ్యలో బ్రాకెట్ పెడితే మాత్రం ఎవరికీ బాగుండదు.

మూడో దారి, ఆ మాటనే తప్పించడం. 'ఫలానావారికి ఫలానావారితో నిశ్చితార్థం అయింది' అన్న అర్థం వచ్చేలా 'ఎంగేజ్డ్ టు' అని రాస్తే ఆడ, మగ, ఒక 'ఈ', రెండు 'ఈ'లు ఏదీ అక్కర్లేదు. తన భాగస్వామి గురించి ఏమీ చెప్పవద్దన్న ఆ ఉద్యోగి వార్తకు ఇదే సరైన దారి, అందులో నాకు అనుమానం లేదు. వాక్యం సహజంగా ఉంటుంది, దాచిపెట్టినట్టు అనిపించదు. కానీ అందరికీ ఇదే నియమం చేసేముందు ఒకటి ఆలోచించండి. ఫియాన్సే అని పిలిపించుకునే కాలం చాలా చిన్నది. కొన్ని నెలలే. ఆ మాట అచ్చులో చూసుకుని మురిసిపోయేవాళ్లు ఉంటారు. వాళ్ల దగ్గర దాన్ని లాక్కోవడం ఎందుకు?

అందుకే నేను నాలుగో దారి చెబుతాను. వార్త కోసం మీరు పంపే ఫారంలో ఒక్క గడి పెంచండి. 'మీ ఇద్దరి గురించి ఏ మాట వాడమంటారు?' అని అడగండి. కావాలంటే మూడు నమూనాలు అచ్చువేసి ఇవ్వండి. గడి ఖాళీగా వస్తే 'ఎంగేజ్డ్ టు'. నింపి ఇస్తే వాళ్లు రాసినట్టే. దీనివల్ల మీకు పని కొంచెం పెరుగుతుంది, గడువు దగ్గర పడ్డాక జవాబులు రాక విసుగూ వస్తుంది. కానీ తప్పు పడితే అది మీ ఊహ వల్ల పడిన తప్పు కాదు. ఫ్రెంచ్ సీనియర్‌కీ, ఇంగ్లిష్ సీనియర్‌కీ ఇద్దరికీ చూపించడానికి మీ చేతిలో ఒక కాగితం ఉంటుంది.

ఇంకో రెండు మాటలు ఆ పేజీలోకి రావాలి, గబగబా చెప్పేస్తాను. ఒకటి 'నే'. 'పుట్టినప్పటి పేరు' అని చెప్పే మాట. ఆడవాళ్లకు రెండు 'ఈ'లు, మగవాళ్లకు ఒకటి. రెజినాల్డ్ డ్వైట్‌గా పుట్టి ఎల్టన్ జాన్ అయిన గాయకుడి గురించి రాస్తే ఒక్క 'ఈ'నే పడాలి. ఈ మాట నన్నూ ఒకసారి దెబ్బతీసింది. ప్రూఫ్ దిద్దే రోజుల్లో ఒక పెద్దాయన పేరు పక్కన ఒక 'ఈ' ఉంటే, నేను ఎప్పుడూ రెండే చూశాను కాబట్టి, తప్పనుకుని ఇంకోటి చేర్చాను. సరిగ్గా ఉన్నదాన్ని నేనే చెడగొట్టాను. అది తెలిసిన రోజు మీలాగే నాకూ నిద్ర పట్టలేదు. అప్పటినుంచి దాని బదులు 'బార్న్' అనే రాస్తున్నాను, దానికి లింగం లేదు. అయినా ఎవరి పాత పేరైనా అడగకుండా అచ్చువేయకండి. రెండోది బంగారు రంగు జుట్టును చెప్పే బ్లాండ్. అమెరికాలో జుట్టు గురించైతే చివర 'ఈ' లేకుండా, బ్రిటన్‌లో 'ఈ'తో రాయడం ఎక్కువ. మీరు ఏదో ఒకటి ఎంచుకుని అదే పాటించండి. మనిషినే 'ఒక బ్లాండ్' అనడం మాత్రం మీ పత్రికలో వద్దు. మనిషి పేరు ఉండగా జుట్టు రంగుతో పిలవడం దేనికి?

ఇప్పుడు మీ ప్రొటెజే. ఫ్రెంచ్‌లో దాని అర్థం 'కాపాడబడినవారు'. ఇంగ్లిష్‌లో ఒక పెద్దమనిషి చేతి కింద ఎదిగినవారు. ఇక్కడ మీరు భయపడినంత తప్పేమీ లేదు. ఇంగ్లిష్ డిక్షనరీలు ఒక్క 'ఈ' ఉన్న రూపాన్ని ఎవరికైనా వాడవచ్చనే అర్థంలోనే ఇస్తాయి. రెండు 'ఈ'ల రూపం ఆడవాళ్లకు ప్రత్యేకంగా ఉంది. కాబట్టి పెద్దాయన రాసింది సరైన ఇంగ్లిషే. రెండో 'ఈ' చేర్చినా సరైన ఇంగ్లిషే. తప్పొప్పుల లెక్క ఇక్కడితో అయిపోయింది. మిగిలింది మీ ఇష్టం.

అలాగే ఉంచితే, మీరు కోరుకున్నట్టు పని నేర్చుకున్న మనిషిగానే ఉంటారు. ఎవరైనా ఎర్ర సున్నా చుడితే డిక్షనరీ పేజీ చూపిస్తే సరిపోతుంది. చేరిస్తే, ఒక పెద్దాయన తన తర్వాత ఈ పని ఒక ఆడమనిషి చేతిలో పెట్టి వెళ్తున్నారన్న సంగతి ఆ అక్షరంలోనే చదువరికి కనబడుతుంది. అందులో గర్వపడేవాళ్లూ ఉన్నారు, వాళ్ల గర్వం తప్పు కాదు. చాలా భాషల్లో ఆడవాళ్లు తమ వృత్తి పేరుకు ఆడ రూపం కావాలని పోరాడారు. ఫ్రెంచ్‌లోనే వృత్తుల పేర్లకు స్త్రీ రూపాలు వాడవచ్చని, 1635లో పుట్టిన, ఫ్రెంచ్ భాష నియమాలు చూసే ఫ్రెంచ్ అకాడమీ 2019లో గానీ ఒప్పుకోలేదు. అంటే అక్కడి ఆడవాళ్లు అడిగి తెచ్చుకున్న గుర్తునే మీరు వద్దనుకుంటున్నారు. ఇద్దరూ అడుగుతున్నది ఒకటే, తమ గురించిన మాట తమ ఇష్టప్రకారం ఉండాలని. వ్యతిరేకంగా కనబడుతున్నారే గానీ మీ ఇద్దరి మధ్యా గొడవ లేదు.

ఒక్క జాగ్రత్త. అది ఆయన సంతకంతో వచ్చే వ్యాసం. ఏ మార్పు చేసినా ఆయనకు చెప్పకుండా చేయకండి. మార్చకపోయినా ఒకసారి మాట్లాడండి. 'ప్రొటెజే' బదులు 'ఆమెకు పని నేర్పాను' అన్న వాక్యమే రాయమని అడిగితే ఆయన కాదంటారని నేను అనుకోను. ఆరేళ్లు పక్కన కూర్చోబెట్టుకుని కామా ఎక్కడ పెట్టాలో చెప్పిన మనిషి, ఈ ఒక్క అక్షరం గురించి మీరు ఎందుకు ఆగిపోయారో వింటే అర్థం చేసుకుంటారు. ఆ ప్రూఫ్ కాగితం తీసుకుని ఆయన దగ్గరికి వెళ్లండి. ఆయన రిటైర్ అయ్యాక ఆ కుర్చీ ఖాళీ అవుతుంది, ఈలోపే వెళ్లండి.